పాతిక మందితో బైలకుప్పె వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేసుకోండి

కూర్గ్ వెళ్లే ప్రతి బ్యాచ్ షెడ్యూల్లోనూ "గోల్డెన్ టెంపుల్, 45 నిమిషాలు" అని ఒక లైను ఉంటుంది. బస్సు ఆగుతుంది, అందరూ బిలబిలా దిగుతారు, బంగారు విగ్రహాల ముందు గ్రూప్ ఫోటో, బయట ఒక ప్లేటు మోమోలు, మళ్లీ బస్సు. ఆ గోల్డెన్ టెంపుల్ బైలకుప్పెలోని టిబెటన్ బౌద్ధ మఠంలో ఉంది. ఇప్పటికి నాలుగుసార్లు గ్రూపుల్ని అక్కడికి తీసుకెళ్లాను. మొదటిసారి మేమూ అంతే చేశాం. రెండోసారి అనుకోకుండా పూజ జరుగుతున్న టైముకి చేరాం. మొత్తం 26 మందిమి, అందులో ఏడుగురు అరవై దాటినవాళ్లు, ముగ్గురు పిల్లలు. ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరం వెనక గోడ దగ్గర కూర్చుండిపోయాం. వందల మంది భిక్షువులు ఒకే గొంతుతో లోతుగా చదువుతుంటే, మధ్యమధ్యలో పెద్ద బాకాలు మోగుతుంటే అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. ఆ ట్రిప్పులో ఏనుగులు చూశాం, కాఫీ తోటలు చూశాం, కానీ మావాళ్లు ఇప్పటికీ తలుచుకునేది ఆ అరగంటనే.

అందుకే కింద చెప్పేదంతా ఆ అరగంట మీకు దొరకడం కోసమే. దాన్ని ముందు ఖాయం చేసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోండి.

ముందు అది ఏ ఊరో తెలుసుకోండి

చాలామంది గోల్డెన్ టెంపుల్ కూర్గ్‌లో ఉందనుకుంటారు. నిజానికి అది మైసూరు జిల్లా పిరియాపట్న తాలూకాలోని బైలకుప్పెలో ఉంది. కావేరికి ఇటువైపు మైసూరు జిల్లా, వంతెన దాటితే కొడగు జిల్లా, అంటే మనం కూర్గ్ అనేది, అందులో మొదట తగిలే ఊరు కుశాల్‌నగర్. రెండింటికీ మధ్య దూరం ఆరు కిలోమీటర్ల లోపే. మఠం ఒక ఊళ్లో, మన బస, తిండి, బస్టాండ్ ఇంకో ఊళ్లో అనుకుంటే ప్లాన్ తేలికవుతుంది.

1959లో దలైలామా టిబెట్ వదిలి మన దేశానికి వచ్చారు. ఆయన వెనకే వేల కుటుంబాలు వచ్చాయి. వాళ్లు నిలదొక్కుకోవడానికి అప్పటి మైసూరు రాష్ట్ర ప్రభుత్వం బైలకుప్పె దగ్గర అడవి భూమి ఇచ్చింది. లుగ్సుమ్ సామ్‌డుప్లింగ్ అనే మొదటి శరణార్థుల సెటిల్‌మెంట్ 1961లో, డిక్యీ లార్సో అనే రెండోది 1969లో మొదలయ్యాయి. హిమాలయాల చలి నుంచి వచ్చినవాళ్లు దక్షిణాది ఎండలో, ఏనుగులు తిరిగే అడవిని కొట్టి మొక్కజొన్న వేసుకున్నారు. మనం గోల్డెన్ టెంపుల్ అని పిలిచేది నామ్‌డ్రోలింగ్ మఠంలోని పెద్ద గుడిని. ఆ మఠాన్ని 1963లో పెనోర్ రిన్‌పోచే అనే టిబెటన్ గురువు స్థాపించారు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా, కొద్దిమంది భిక్షువులతో, వెదురుతో కట్టిన చిన్న గుడితో మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ వేల మంది భిక్షువులు, భిక్షుణులు చదువుకుంటున్నారు. పెద్ద గుడి 1999లో పూర్తయింది, దలైలామా వచ్చి ప్రారంభించారు. రిన్‌పోచే 2009లో కన్నుమూశారు.

ఈ నాలుగు ముక్కలూ బస్సులో, మఠానికి చేరే ముందు, మైకులో కాకుండా మామూలుగా చెప్పండి. పది నిమిషాలు చాలు. తాము దిగబోయేది ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు మళ్లీ కట్టుకున్న చోటని తెలిస్తే, మనవాళ్ల గొంతు దానంతటదే తగ్గుతుంది. నేను రెండు రకాల గ్రూపులనూ చూశాను, తేడా స్పష్టంగా ఉంటుంది.

ఇంకొకటి తప్పకుండా చెప్పండి. ఈ మఠాలకు మన ఊళ్లతో బంధం ఉంది. ఇక్కడి పెద్ద మఠాల్లో భిక్షువులు ఏళ్ల తరబడి చదివే మాధ్యమికం అనే బౌద్ధ దర్శనానికి మూలపురుషుడు ఆచార్య నాగార్జునుడు, మన నాగార్జునకొండకు ఎవరి పేరు వచ్చిందో ఆయనే. బుద్ధుడు కాలచక్ర తంత్రం అనే సాధన మార్గాన్ని మొదట ఉపదేశించింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో అని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. మూడోసారి వెళ్లినప్పుడు ఒక పెద్దవయసు భిక్షువు ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగారు. గుంటూరు అంటే ఆయనకు తెలియలేదు, అమరావతి పక్కన అనగానే రెండు చేతులూ జోడించారు. మా అత్తయ్యగారికి కళ్లనీళ్లు వచ్చాయి. మనం రోజూ బస్సులో దాటిపోయే ఊరి పేరుకు అంత దూరంలో ఒకాయన దణ్ణం పెట్టారు మరి.

ఎప్పుడు, ఎలా

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. పొద్దున్నే చలి ఉంటుంది, పెద్దవాళ్లకు స్వెట్టర్, చెవులకు మఫ్లర్ తప్పదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొడగులో వానలు గట్టిగా పడతాయి. చూడ్డానికి పచ్చగా అందంగా ఉంటుంది గానీ పాతిక మందిని గొడుగుల కింద నడిపించడం, తడి నేల మీద చెప్పుల్లేకుండా పెద్దవాళ్లను తిప్పడం కష్టం. శని, ఆదివారాలు, వరుస సెలవులు వద్దు. బెంగళూరు జనమంతా అప్పుడే వస్తారు. మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే అదే గుడి వేరే గుడిలా ఉంటుంది. టిబెటన్ కొత్త సంవత్సరం లోసర్ ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది, వాళ్లది చాంద్రమానం కాబట్టి తేదీ ఏటా మారుతుంది. ఆ రోజుల్లో ముసుగులు వేసుకుని భిక్షువులు చేసే ఛామ్ నృత్యాలు చూసే అవకాశం ఉంటుంది. కాకపోతే గదులు దొరకవు, రద్దీ ఎక్కువ. పదిమంది లోపు గ్రూపయితే సాహసించండి, పాతిక మందితో మాత్రం నేనైతే వెళ్లను.

హైదరాబాద్ నుంచి నేరుగా బస్సు మాట్లాడుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. నా సలహా, మైసూరు దాకా రైల్లో వెళ్లి అక్కడ బండి మాట్లాడుకోండి. కాచిగూడ నుంచి మైసూరుకి రాత్రి రైలు ఉంది, తిరుపతి వైపు నుంచి చామరాజనగర్ వెళ్లే రైలు మైసూరు మీదుగా పోతుంది. రైల్లో పెద్దవాళ్లు నడుం వాలుస్తారు, పిల్లలు ఆడుకుంటారు, పైగా వేరే రాష్ట్రం బండికి కర్ణాటకలో కట్టాల్సిన పర్మిట్, ట్యాక్స్ గొడవ మనకు ఉండదు. మైసూరు నుంచి కుశాల్‌నగర్ దాదాపు 85 కిలోమీటర్లు, హుణసూరు, పిరియాపట్న మీదుగా. మధ్యలో ఒక టీ బ్రేకు కలుపుకుంటే రెండున్నర గంటలు వేసుకోండి. మడికేరి వెళ్లే కేఎస్‌ఆర్‌టీసీ బస్సులు ఇదే దారిలో తరచుగా తిరుగుతాయి, కుర్రాళ్ల బ్యాచ్ అయితే అవే చాలు.

బండి మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటొక్కటే అడిగి వదిలేయకండి. రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క వేస్తారు, డ్రైవర్ బత్తా ఎంత, టోల్, పార్కింగ్ ఎవరివి, రాత్రి డ్రైవర్ పడుకునే ఏర్పాటు ఎవరు చూడాలి, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. పాతిక మందికి ఒక పెద్ద బస్సు కన్నా రెండు టెంపో ట్రావెలర్లు మేలు. సెటిల్‌మెంట్ లోపలి రోడ్లు చిన్నవి, పైగా ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఒక బండి వాళ్లను లాడ్జికి తీసుకెళ్లగలదు, మిగతావాళ్ల రోజు పాడవదు.

బస కుశాల్‌నగర్‌లోనే పెట్టుకోండి. మఠం దగ్గర కూడా గెస్ట్‌హౌస్ ఉంది, ఇద్దరు ముగ్గురు వెళ్తే అక్కడ ఉండటం గొప్ప అనుభవం, కానీ పెద్ద గ్రూపుకు ఊళ్లో లాడ్జీలే వీలు. బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా, పెద్దవాళ్లకు కింది అంతస్తు గదులిస్తారా, వేడినీళ్లు ఏ టైముకొస్తాయి, ఈ మూడూ ఫోన్‌లో కాకుండా రాతలో తీసుకోండి. ఒకసారి పూర్తి డబ్బు ముందే కట్టినా, తీరా వెళ్లాక నాలుగు గదులు మూడో అంతస్తులో ఇచ్చారు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు పెద్దవాళ్లు ఆ మెట్లెక్కడం చూసి చాలా బాధేసింది. అప్పటి నుంచి సగానికి మించి ముందు కట్టడం లేదు.

మీ గ్రూపులో అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చినవాళ్లుండి, వాళ్ల దగ్గర విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి. విదేశీయులు బైలకుప్పె సెటిల్‌మెంట్‌లో రాత్రి ఉండాలంటే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి, అది రావడానికి వారాలు పడుతుంది. పగలు చూసి సాయంత్రానికి కుశాల్‌నగర్ వచ్చేస్తే ఆ సమస్య లేదు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ఏ పర్మిట్టూ అక్కర్లేదు.

ఆ అరగంట

కుశాల్‌నగర్ చేరిన రోజు సాయంత్రం అందరూ గదుల్లో కాళ్లు చాపుకుంటుంటే, ఇద్దరు మాత్రం ఆటో ఎక్కి మఠానికి వెళ్లి రండి. అక్కడ ఉన్నవాళ్లను "రేపు పూజ ఎన్నింటికి, ఏ హాల్లో, మేము వెనక కూర్చోవచ్చా" అని అడగండి. హిందీ వచ్చు, కన్నడ కూడా చాలామందికి వచ్చు. ప్రార్థనల వేళలు రోజును బట్టి, నడుస్తున్న పూజను బట్టి మారతాయి. పెద్ద పూజలుంటే రోజంతా సాగుతాయి, కొన్నిసార్లు బయటివాళ్లను లోపలికి రానివ్వరు కూడా. ఇంటర్నెట్‌లో చూసిన టైము నమ్ముకుని పాతిక మందిని తెల్లవారుజామున లేపడం కన్నా ఆ ఆటో ఖర్చు నయం. పనిలో పనిగా పార్కింగ్ నుంచి గుడి దాకా ఎంత నడవాలో, బాత్రూములు ఎక్కడున్నాయో కూడా చూసుకుని రావచ్చు.

రాత్రి భోజనాల దగ్గరే గ్రూపును ఆరేడుగురి చొప్పున విడగొట్టండి. ప్రతి చిన్న గ్రూపుకు ఒకరు బాధ్యులు. పెద్దవాళ్లనందరినీ ఒకే గ్రూపులో వేయకండి, ఒక్కో గ్రూపులో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు కుర్రవాళ్లు ఉండేలా చూడండి. మఠంలో "ఒరేయ్ రాజూ, ఎక్కడున్నావ్" అనే కేకలు వినపడకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. తప్పిపోతే ఎక్కడ కలవాలో కూడా అప్పుడే చెప్పేయండి, మెయిన్ గేటు అంటే అందరికీ తెలుస్తుంది.

బట్టల సంగతి, మన గుళ్లకు వెళ్లినట్టు వెళ్తే చాలు. భుజాలు, మోకాళ్లు కప్పేవి వేసుకోవాలి, టోపీ తీసేయాలి. చెప్పులు గుడి బయటే. పాతిక జతల చెప్పులు ఒకే చోట, రెండు పెద్ద సంచుల్లో పెట్టేస్తే వచ్చేటప్పుడు వెతుకులాట ఉండదు. మధ్యాహ్నం రాతి నేల కాలుతుంది, పొద్దున చల్లగా లాగేస్తుంది, కాబట్టి పెద్దవాళ్లకు సాక్సులు తీసుకెళ్లండి.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా మూడు విగ్రహాలు. మధ్యలో శాక్యముని బుద్ధుడు, ఎత్తు 60 అడుగులు. రెండు పక్కల 58 అడుగుల చొప్పున పద్మసంభవుడు, అమితాయుషుడు. రాగితో చేసి బంగారు పూత వేసినవి. ఏది ఎవరో గుర్తుపట్టడం తేలిక. తలపై టోపీ, చేతిలో వజ్రాయుధం ఉన్నది పద్మసంభవుడు, ఎనిమిదో శతాబ్దంలో మన దేశం నుంచి టిబెట్‌కు బౌద్ధాన్ని తీసుకెళ్లి నిలబెట్టిన గురువు. ఈ మఠం ఆయన్నే మూలగురువుగా కొలిచే న్యింగ్మా సంప్రదాయానిది, న్యింగ్మా అంటే పాతది అని. చేతిలో కలశం ఉన్నది అమితాయుషుడు, దీర్ఘాయువునిచ్చే బుద్ధుడు. ఇది చెప్పగానే మా పెద్దవాళ్లంతా ఆయన ముందే ఎక్కువసేపు నిలబడ్డారు.

గోడల మీద భయపెట్టే రూపాలు కనపడతాయి, కోరలు, మంటలు, పుర్రెల దండలు. పిల్లలు తప్పకుండా అడుగుతారు, కొంతమంది పెద్దవాళ్లు కూడా "ఇదేంటి, బుద్ధుడి గుళ్లో ఇవేంటి" అంటారు. ధర్మాన్ని కాపాడే ఉగ్రరూపాలు, మనకు ఉగ్ర నరసింహుడు ఉన్నట్టే అని చెప్పండి. వెంటనే అర్థమవుతుంది.

పూజ నడుస్తుంటే భిక్షువుల వరసల మధ్య నుంచి నడవకండి. పక్క గోడ వెంట వెళ్లి వెనక కూర్చోండి. వాళ్ల కోసం వేసిన దిండ్ల మీద, ఖాళీగా కనపడినా సరే, కూర్చోకూడదు. కాళ్లు విగ్రహాల వైపు చాపకూడదు, బాసింపట్టు వేయలేనివాళ్లు పక్కకు మడుచుకుని కూర్చోవచ్చు. అదీ కుదరనివాళ్లు గుమ్మం దగ్గర నిలబడినా వినపడుతుంది. ఫోన్లు సైలెంట్‌లో కాదు, ఆఫ్‌లో పెట్టించండి. సైలెంట్‌లో పెడితే వీడియో తీస్తారు. ఫోటోలు పూజ అయ్యాక, బోర్డుల మీద ఏం రాసి ఉందో చూసి తీసుకోవచ్చు. భిక్షువుల మొహంలో ఫోన్ పెట్టి తీయడం మాత్రం వద్దు. అడిగితే చాలామంది నవ్వుతూ ఒప్పుకుంటారు, వద్దంటే వదిలేయాలి.

కూర్చున్నాక ఏం చేయాలని అడుగుతారు. ఏమీ చేయక్కర్లేదు. వినండి. పొడవాటి ఇత్తడి బాకాలను డుంగ్‌చెన్ అంటారు, ఆ శబ్దం చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. మన సన్నాయికి చుట్టంలా ఉండేది గ్యాలింగ్. డోలు, పెద్ద తాళాలు, చేతిగంట. మంత్రాలు అర్థం కాకపోయినా మొదటి పది నిమిషాలు దాటాక మనసు ఒక చోట నిలబడుతుంది. ఆ పది నిమిషాలు కదలకుండా ఉండేలా చూసుకోవడమే మీ పని. పిల్లలకు విసుగొస్తే ఒకరు నెమ్మదిగా బయటికి తీసుకెళ్లి ప్రార్థన చక్రాలు తిప్పించండి. వాటిని కుడిచేత్తో, సవ్యదిశలో తిప్పాలి, మన ప్రదక్షిణ లాగే. గుడి చుట్టూ తిరిగినా అదే దిశ.

లేచాక పక్కనే ఉన్న జాంగ్‌డోక్ పాల్రి గుడి కూడా చూడండి. పద్మసంభవుడి దివ్యలోకమైన రాగిరంగు కొండకు ప్రతిరూపంగా అంతస్తులు అంతస్తులుగా కట్టారు. గోల్డెన్ టెంపుల్ చూసి వెనక్కి తిరిగే జనం దీన్ని వదిలేస్తుంటారు. భిక్షువులు ఉండే గదుల వైపు, స్కూలు వైపు మాత్రం వెళ్లకండి, అది వాళ్ల ఇల్లు. లోపలికి టికెట్ లేదు. మీరివ్వాలనుకున్నది హుండీలో వేయండి, లేదా దీపాలకు ఇవ్వండి. చిన్న చిన్న భిక్షువులు ముద్దుగా ఉంటారు, చాక్లెట్లు, డబ్బులు చేతిలో పెట్టాలనిపిస్తుంది. వద్దు. రోజూ వందల మంది అలా పెడితే ఆ పిల్లల చదువు, క్రమశిక్షణ ఏమవుతుందో ఆలోచించండి.

సెరా

టైముంటే, టైము లేకపోతే షాపింగ్ కోసేసి అయినా సరే, సెరా మఠానికి వెళ్లండి. బైలకుప్పెలోనే కొద్ది కిలోమీటర్ల దూరం. అసలు సెరా 1419లో లాసా దగ్గర పుట్టింది, ఇక్కడ మళ్లీ కట్టుకున్నారు. సెరా జే, సెరా మే అని రెండు కాలేజీలు. గెలుగ్ సంప్రదాయం, అంటే దలైలామా సంప్రదాయం. ఇక్కడ చూడాల్సింది భిక్షువుల వాదోపవాదాలు. ఒకరు కింద కూర్చుంటారు, ఇంకొకరు నిలబడి ప్రశ్న వేసి, కాలు నేలకేసి కొట్టి, చేతులు చరుస్తారు. చరిచాక జవాబు చెప్పాలి, నీళ్లు నమిలితే ఒప్పుకోరు. దూరం నుంచి చూస్తే కొట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది, దగ్గరికెళ్తే నవ్వులు వినపడతాయి. గెషే అనే పట్టా కోసం దాదాపు ఇరవై ఏళ్లు ఇలా చదువుతారు. మా గ్రూపులో ఒక రిటైర్డ్ లెక్చరర్‌గారు "మా క్లాసులో ఒక్కరోజు ఇలా జరిగి ఉంటే చాలనిపించింది" అన్నారు. వాదాలు జరిగే వేళ కూడా ముందురోజే అడిగి పెట్టుకోండి. పాతిక మందీ ఒకేసారి ప్రాంగణంలోకి దూరకుండా, అంచున నిలబడి చూడాలి.

తిండి, కొనుగోళ్లు

మఠం ఎదురుగా, టిబెటన్లు ఉండే క్యాంపుల్లో టిబెటన్ హోటళ్లుంటాయి. మోమోలు అందరికీ తెలుసు. నూడుల్స్ వేసిన సూప్ థుక్పా, పిండిని చేత్తో తుంచి వేసే థెంథుక్, ఆవిరి మీద ఉడికించిన మెత్తటి రొట్టె టింగ్మో. టింగ్మో మన పెద్దవాళ్లకు బాగా నచ్చుతుంది, పళ్లు లేకపోయినా తినొచ్చు. వెన్న టీ ఉప్పగా ఉంటుంది, టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే నచ్చుతుంది. శాకాహారులు ఆర్డర్ ఇచ్చేటప్పుడే సూప్ దేంతో కాచారో అడగాలి, పైన కూరగాయలే కనపడ్డా అడుగున ఎముకల నీళ్లు ఉండొచ్చు. మాంసం తినేవాళ్లు కూడా ఏ మాంసమో అడిగి తీసుకోండి. హోటళ్లు చిన్నవి, పాతిక మంది ఒకేసారి వెళ్తే వంట అందదు. పొద్దునే ఒకరు వెళ్లి "ఇంతమందిమి, ఇన్ని గంటలకి, ఇవి" అని చెప్పి కొంత అడ్వాన్స్ ఇచ్చేయండి, లేకపోతే రెండు మూడు హోటళ్లకు విడిపోండి. షుగర్ ఉన్నవాళ్ల సంచిలో ఏదో ఒకటి ఉంచండి, ఎందుకంటే ఎంత చెప్పినా అరగంట ఆలస్యం అవుతుంది. మూడు పూటలూ అన్నం ఉండాలనేవాళ్లకు కుశాల్‌నగర్‌లో శాకాహార భోజనం హోటళ్లు ఉన్నాయి.

షాపుల్లో అగరొత్తులు, ఉన్ని శాలువాలు, థంకాలు అనే గుడ్డ మీద వేసిన బౌద్ధ చిత్రాలు, కర్రతో తడితే గంటలా మోగే గిన్నెలు దొరుకుతాయి. గిన్నె కొనేముందు మోగించి వినండి, ధ్వని ఎంతసేపు నిలుస్తుందో చూడండి. రంగురంగుల జెండాల దండలు అందరూ కొంటారు. నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు అగ్ని, ఆకుపచ్చ నీరు, పసుపు భూమి, మన పంచభూతాలే. వాటి మీద మంత్రాలు అచ్చయి ఉంటాయి, కాబట్టి నేల మీద పరచడం, కారు తుడవడం చేయకూడదు. ఇంట్లో ఎత్తుగా, గాలి తగిలే చోట కట్టండి. ఎవరైనా పలకరిస్తే "తాషీ దెలెక్" అనండి, నమస్కారం లాంటిది. ఆ మాటకు వచ్చే నవ్వు చూడండి.

ఊరు, చుట్టుపక్కల

కుశాల్‌నగర్‌లో గంటల తరబడి చూడాల్సినవి లేవు, ఉండక్కర్లేదు కూడా. సాయంత్రం బజారులో తిరిగి కాఫీ పొడి, మిరియాలు, యాలకులు కొనుక్కోవచ్చు. ఊరికి రెండు మూడు కిలోమీటర్లలో కావేరి నిసర్గధామ ఉంది. నది మధ్య 64 ఎకరాల లంక, వేలాడే వంతెన మీదుగా వెళ్లాలి, లోపలంతా వెదురు పొదలు. మఠాలు చూశాక సాయంత్రం పిల్లలు అక్కడ పరిగెత్తొచ్చు, పెద్దవాళ్లు నీడలో కూర్చోవచ్చు. నీళ్లలోకి దిగనివ్వకండి, కావేరి పైకి నెమ్మదిగా కనపడుతుంది, రాళ్లు జారతాయి.

దుబారె ఏనుగుల క్యాంపు దాదాపు 15 కిలోమీటర్లు. పడవలో నది దాటి వెళ్లాలి, ఏనుగుల స్నానాలు ఉదయం పూటే, వానాకాలంలో నీళ్లు ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. దీన్ని మఠం రోజునే ఇరికించకండి. రెండూ ఉదయమే చూడాల్సినవి, ఒకటి పోతుంది. మొదటిరోజు సాయంత్రానికి చేరడం, రెండోరోజు ఉదయం నామ్‌డ్రోలింగ్, తర్వాత భోజనం, సెరా, సాయంత్రం నిసర్గధామ, మూడోరోజు ఉదయం దుబారె, మధ్యాహ్నం మైసూరు దారి. ఇంతకన్నా కలపకండి. మడికేరి ఇంకో 30 కిలోమీటర్లే కదా అని ఎవరో ఒకరు అంటారు, ఘాట్ రోడ్డు, వాంతులు, అక్కడి రద్దీ కలిపి పూట గడిచిపోతుంది. మడికేరి కావాలంటే ఇంకో రోజు పెట్టుకోండి.

డబ్బులు ఒక్కరి చేతిలోనే ఉండాలి, లెక్క రాసేవాళ్లు వేరే ఉండాలి. బయల్దేరేముందే తలా ఇంత అని వసూలు చేసి, అందులో పదోవంతు అత్యవసరానికి పక్కన పెట్టండి. రోజూ రాత్రి ఖర్చు గ్రూపులో పెట్టేస్తే మూడోరోజు ఎవరి మొహమూ మాడదు. చిన్న హోటళ్లలో, ఆటోల్లో ఇవ్వడానికి చిల్లర నోట్లు ఉంచుకోండి.

తిరుగు రైలు మైసూరులో రాత్రికి ఉంటే, కుశాల్‌నగర్ నుంచి మధ్యాహ్నం రెండింటికల్లా కదలండి. హుణసూరు దగ్గర ఒక లారీ అడ్డం పడితే చాలు గంట పోతుంది. బండి ఎక్కేముందు చెప్పుల సంచులు, మందుల డబ్బాలు, జెండాల దండలు లెక్క చూసుకుని, చిన్న గ్రూపుల బాధ్యులతో తలలు లెక్కపెట్టించి, అప్పుడే డ్రైవర్‌కు పోనివ్వమని చెప్పండి.